కల్పవల్లి: కాపలాతో పెరిగిన అడవి

నవంబరులో రెండు రోజులు సెలవు పెట్టుకుని మా అమ్మాయితో కలిసి బెంగళూరు నుంచి పెనుకొండ వెళ్లాను. అక్కడి నుంచి కల్పవల్లి అడవి ఉన్న ముష్టికోవెల వైపు ఆటో మాట్లాడుకున్నాం. మొక్కలు నాటవచ్చని మా అమ్మాయి చిన్న పార కూడా తెచ్చుకుంది. దాన్ని సంచిలోంచి తీయాల్సిన పనే పడలేదు.

కల్పవల్లి ఏడు వేల ఎకరాలకు పైగా ఉన్న గుట్టల అడవి. 1990ల మొదట్లో ఇది ఉత్త బీడు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు కలిసి దీన్ని మళ్లీ నిలబెట్టారు. మాతో నడిచిన పెద్దాయనను ఎన్ని మొక్కలు నాటారని అడిగాను. "నాటింది కొంచెమే సార్. అగ్గి పడకుండా చూసుకుంటిమి, గొడ్డలి పడనీలేదు. మిగతాదంతా అదే లేచింది" అన్నాడు. విత్తనాలు చల్లడం, వంకల్లో నీళ్లు ఆపడం కూడా చేశారు. కానీ ఎండాకాలానికి ముందే గడ్డి చెక్కి అగ్గి దాటకుండా ఖాళీ గీతలు తీయడం, కాపలావాళ్లు రోజూ తిరగడం, అసలు పని అదేనని నాకు అక్కడ నడిచాకే అర్థమైంది. వంకల పొడవునా ఈతచెట్లు గుంపులు గుంపులుగా ఉన్నాయి. వాటి ఆకుతో చీపుర్లు కట్టి అమ్ముకుంటారు. నడుము ఎత్తు గడ్డిలో గొర్రెలు మేస్తున్నాయి. అనంతపురం సీమ వానలు తెలిసినవాళ్లకు ఆ పచ్చదనం విలువ చెప్పనక్కర్లేదు.

బాధ కలిగించింది గాలిమరల కోసం గుట్టల మీద కోసిన రోడ్లు. ఊళ్లవాళ్లు ఇన్నేళ్లు కాపాడినా, రికార్డుల్లో ఇది ప్రభుత్వ బంజరు భూమే. అందుకే గాలిమరలకు ఇవ్వడం తేలికైంది. వాన పడితే ఆ రోడ్ల మట్టి వంకల్లోకి దిగుతోంది. దాన్ని చూసి నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇక ఏర్పాట్ల సంగతి. ఇది టూరిస్టు స్పాట్ కాదు. టికెట్టు, క్యాంటీను, దారి చూపే బోర్డులు ఏవీ కనిపించలేదు. కలెక్టివ్ వాళ్లతో ముందే మాట్లాడుకుని, ఊరి మనిషిని తోడు తీసుకుని, ఆయనకు రోజు కూలి ఇచ్చి వెళ్లండి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందలేదు. తాగే నీళ్లు మోసుకెళ్లాల్సిందే. మధ్యాహ్నం ఊళ్లో ఒకరింట్లో రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టారు. ఈ రెండు రోజుల్లో తిన్న మంచి భోజనం అదే.

మొదటి రాత్రి దిగిన లాడ్జిలో తొమ్మిది దాటాక కుళాయిలో నీళ్లు రాలేదు, అడిగితే పలికే మనిషి లేడు. రెండో రాత్రికి పుట్టపర్తి వెళ్లాం. గదులు బోలెడు, శుభ్రంగా ఉన్నాయి, తిండికి టెన్షన్ లేదు. కొంచెం దూరమైనా పిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడే దిగి, పొద్దున్నే బయలుదేరితే మంచిది. పెనుకొండ కోట చూడాలనుకుంటే ఇంకో పూట పెట్టుకోండి. మాకు కుదరలేదు.

వచ్చేటప్పుడు రెండు ఈతాకు చీపుర్లు కొన్నాం. అగ్గి గీతలు తీసేటప్పుడు కబురు చేయమని మా అమ్మాయి పెద్దాయనకు నంబరు రాసిచ్చింది.