వగరుకి మందు కొవ్వు: వూల్తురే కొండ ఎర్ర వైన్

మా ఆయన ఉద్యోగం కార్ల ఫ్యాక్టరీ ఉన్న మెల్ఫీలో. ఇటలీ అనగానే రోమ్, వెనిస్ ఊహించుకుని విమానం ఎక్కిన నాకు దక్కింది దక్షిణ ఇటలీలోని బసిలికాటా కొండలు. ఊరి పక్కనే మోంతె వూల్తురే, 1,326 మీటర్ల ఎత్తు. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం. పాత బిలాల్లో ఇప్పుడు రెండు చెరువులున్నాయి, వాలు మీద అల్యానికో ద్రాక్షతోటలు.

ఆ ద్రాక్షతో చేసే అల్యానికో దెల్ వూల్తురే నేను మొదటిసారి తాగింది ఆగస్టులో, ఒక రెస్టారెంట్‌లో. వంటింటి పక్క అరలోంచి తెచ్చిన సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ముక్కుకి స్పిరిట్ వాసన. ఒక్క గుక్కకే, పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నాలుక పిడచకట్టుకుపోయింది. ఇక దీని జోలికి వెళ్లకూడదనుకున్నాను.

నవంబరులో ఒక ఆదివారం మా కింది ఇంటి సిన్యోరా భోజనానికి పిలిచారు. గొర్రెపిల్ల మాంసం బంగాళాదుంపలతో ఓవెన్‌లో పెట్టారు. పొద్దున చర్చికి వెళ్లేముందే సీసా మూత తీసి, చల్లటి గదిలో ఉంచారట. అది ఎలెనా ఫూచ్చి వాళ్ల ‘తీతొలో’. పక్కనే ఉన్న బరీలె ఊరిది. ఇంట్లోవాళ్లు తోట అమ్మేద్దామనుకుంటే ఈ అమ్మాయి ఒప్పుకోక వైన్ చదువు చదివింది. 2000 పంటతో మొదలుపెట్టి, ఒక్క అల్యానికోతోనే చేస్తోంది.

తోట సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. రాత్రిళ్లు చలి, అందుకే కాయ నెమ్మదిగా పండుతుంది. ఇక్కడ కోత అక్టోబరు చివరిదాకా సాగుతుంది కాబట్టి పులుపు మిగిలే ఉంటుంది. లావా, బూడిద పేరుకున్న నేల చలికాలపు వానని పీల్చుకుని ఎండాకాలంలో వేళ్లకి ఇస్తుంది. బరీలెలో ఆ మెత్తటి రాతినే తొలిచి వైన్ గుహలు కట్టుకున్నారు. గ్లాసులో నల్ల చెర్రీ, రేగుపండు లాంటి వాసన, వెనకాల నీళ్లు చల్లిన కట్టెల పొయ్యి వాసన. అగ్నిపర్వతం మట్టే గ్లాసులోకి దిగివచ్చిందంటారు చాలామంది. నేను నమ్మను, చెక్క పీపాలకీ అందులో వాటా ఉంటుంది.

వగరు పోలేదు. కానీ కొవ్వు అంటిన మాంసం ముక్క నమిలి ఒక గుక్క తాగితే నోరు శుభ్రంగా కడిగినట్టయింది. వగరు వెళ్లి మాంసకృత్తులకి పట్టుకుంటుంది, నాలుకని వదిలేస్తుంది. అంతకంటే నాకు నచ్చింది పెపెరోని క్రుస్కి. సెనీజె ఊరి ఎర్ర మిరపకాయలు, దండలుగా గుచ్చి ఎండబెడతారు. సిన్యోరా కాగిన నూనెలో వేసి, నేను మూడు అంకెలు లెక్కపెట్టేలోగా తీసేశారు. ఒక్క క్షణం ఆలస్యమైతే చేదట. అచ్చం మన చల్లమిరపకాయల్లా కరకరలాడాయి, కారం మాత్రం సున్నా. తియ్యగా, కాస్త పొగ రుచితో. వాటిని చిదిపి పాస్తా మీద చల్లితే ఈ వైన్ కోసమే పుట్టాయనిపించింది.

ఆ ఊపులో ఇంట్లో గోంగూర మాంసం వండి ఇంకో సీసా తెచ్చాను, 40 యూరోల దాకా అయింది. నాశనం! తప్పు గోంగూరది కాదు. ఆ పులుపు పక్కన వైన్ నిజానికి మెత్తబడుతుంది. చెడగొట్టింది గుంటూరు కారం. కారం మీద 14 శాతం ఆల్కహాల్ పడితే గొంతు మంట, వగరు రెట్టింపు. మరుసటి వారం ఎండుమిర్చి మానేసి, మిరియాలు, ధనియాలు వేసి వేపుడు చేశాను. అప్పుడు కుదిరింది. మిగిలిన అర సీసా మర్నాడు ఇంకా బాగుంది, గొర్రెపాల చీజ్ ముక్కతో.

కొత్తగా రుచి చూసేవాళ్లు అంత డబ్బు పెట్టక్కర్లేదు. ఈ పేరుకి 1971 నుంచి డీఓసీ ముద్ర ఉంది (ఫలానా ప్రాంతంలో, నియమాల ప్రకారం చేసిన వైన్ అని ఇటలీలో ఇచ్చే గుర్తింపు), 15 యూరోల్లోపే మంచివి దొరుకుతాయి. ఇదే వైన్‌లో ‘సుపీరియోరె’ అనే మేలు రకానికి 2010 నుంచి అంతకంటే పై తరగతి ముద్ర, ధరా ఎక్కువే. ఏది కొన్నా రెండు గంటల ముందు మూత తీసి, 16–18 డిగ్రీల దగ్గర తాగండి.

ఆ మిరియాల వేపుడు రోజు అమ్మ పంపిన కారం డబ్బా కావాలనే పై అరలో దాచాను. మా ఆయన స్టూలు ఎక్కి మరీ వెతుక్కుని చల్లుకున్నారు. ఆయన గ్లాసులో మంచినీళ్లు.