చేతిలో ఏమీ లేకుండా ఆడే ఆటలు: నలుగురైదుగురికి ఏవి పనికొస్తాయి, ఏవి రావు

పేకముక్కలు లేవు, బోర్డు లేదు, పెన్నూ కాగితం లేవు, ఫోన్లు పక్కన పెట్టేశారు. ఏం ఆడదాం అని అడిగితే ఎవరైనా పెద్ద లిస్టే చెబుతారు గానీ అందులో సగం ఆటలు పదిమంది ఉంటేనే పండుతాయి, నలుగురితో మొదలుపెడితే కాసేపటికే ఒకరు మెల్లగా ఫోన్ తీస్తారు. అందుకే ఈ రివ్యూలో నేను చూసినవి రెండే విషయాలు: ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉన్నప్పుడు ఆట నడుస్తుందా, తక్కువ మాట్లాడేవాళ్ళు, ఔటైనవాళ్ళు ఊరికే కూర్చోవాల్సి వస్తుందా.

ఈ రెండు లెక్కల్లోనూ నా ఓటు కాంటాక్ట్‌కే. 5కి 5. చాలామందికి ఈ ఆట తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఒకరు మనసులో ఒక మాట అనుకుని మొదటి అక్షరం మాత్రం బయటికి చెబుతారు. ‘పరిచయం’ అనుకుంటే ‘ప’ అంటారు, అంతే. మిగతావాళ్ళు ‘ప’తో మొదలయ్యే ఏదో ఒక మాట అనుకుని, ఆ మాట నోటితో అనకుండా పొడుపుకథలాగా క్లూ ఇవ్వాలి. ‘కాళ్ళు లేవు, నీళ్ళ మీద పోతుంది’ అని ఒకరు అన్నారనుకోండి, అది తట్టినవాళ్ళు వెంటనే ‘కాంటాక్ట్’ అంటారు, అప్పుడు ఇద్దరూ మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టి ఆ మాటను ఒకేసారి చెప్పాలి. ఈలోపు మాట దాచుకున్న మనిషి ‘పడవ కాదు’ అనేస్తే ఆ క్లూ పోయినట్టే. అలా అనలేకపోయి, ఇద్దరి మాటా కలిస్తే రెండో అక్షరం బయటపెట్టాలి.

అసలు మజా మాట కలవనప్పుడే. ‘పడుకున్నప్పుడు మన కింద ఉండేది’ అని క్లూ వచ్చింది, ఇద్దరూ మహా ధీమాగా లెక్కపెట్టారు, ఒకరు ‘పరుపు’ అన్నారు, ఇంకొకరు ‘పక్క’ అన్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, దాచుకున్న మనిషి ఊపిరి పీల్చుకుంటారు, అందరూ పడీ పడీ నవ్వుతారు. తర్వాత ఎలాగో ‘రి’ బయటికొచ్చిందనుకోండి, ఇక పరిమళం, పరికరం, పరిష్కారం, పరిసరాలు అని క్లూలు వరసగా పడుతుంటే అన్నిటికీ అడ్డుపడలేక దాచుకున్నవాళ్ళకి మంచి టెన్షన్.

ఆడే ముందు ఒక్క విషయం తేల్చుకోండి, గుణింతంతో సహా అక్షరం చెప్పాలా, ఉత్త హల్లు చెప్పాలా అని. గుణింతంతోనే చెప్పడం మంచిది, లేకపోతే ‘ప’ అంటే పాము, పిల్లి, పూలు అన్నీ వచ్చేసి ఆట ఎంతకీ తెమలదు. ఇద్దరితో ఇది కుదరదు, ముగ్గురు కావాల్సిందే. బాగా చదివేవాళ్ళకే ఇందులో అనుకూలం అని ఒక అభ్యంతరం వినిపిస్తుంది, కొంతవరకు నిజమే. కానీ స్నేహితుల మధ్య దానికి విరుగుడు ఉంది: ‘ఆ రోజు బస్సులో నువ్వు మర్చిపోయి దిగావే, అది’ లాంటి క్లూ ఇద్దరికే అర్థమవుతుంది, ఎంత తెలివైనవాళ్ళైనా దాన్ని అడ్డుకోలేరు. ఎక్కువ మాట్లాడనివాళ్ళు కూడా ఇలాంటి క్లూలతో ఇరగదీస్తారు.

ఇరవై ప్రశ్నల ఆట అందరికీ తెలిసిందే, అవును, కాదు అనే జవాబులతో మనసులో ఉన్నదేమిటో పట్టుకోవడం. 1946లో అమెరికా రేడియోలో ఇదే ఒక షోగా వచ్చింది. ఒక్కో ప్రశ్న మిగిలిన అవకాశాలను సరిగ్గా సగం చేస్తూ పోతే 20 ప్రశ్నలకి 10,48,576 వస్తువుల్లోంచి ఒకదాన్ని పట్టుకోవచ్చు. అందుకే మూడో ప్రశ్నకే ‘ఏనుగా?’ అని అడిగేస్తే ప్రశ్న దండగ, ‘ఈ గదిలో పడుతుందా?’ అని అడిగితే దారి దొరుకుతుంది. ఇద్దరున్నా సరిపోతుంది, ప్రయాణంలో బ్రహ్మాండంగా ఉంటుంది. ఇబ్బందల్లా జవాబు చెప్పే మనిషితోనే, తమకే సరిగ్గా తెలియని వస్తువు అనుకుని తప్పు జవాబులు చెబితే ఆట మొత్తం పాడవుతుంది. బాగా తెలిసినదే అనుకోవాలని ముందే చెప్పండి. 5కి 4.

ఇక మాఫియా. 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో దిమిత్రీ దవీదోవ్ తయారుచేసిన ఆట ఇది, 1997లో ఆండ్రూ ప్లాట్‌కిన్ దాన్నే తోడేలు కథగా మార్చాక ‘వేర్‌వుల్ఫ్’ అనే పేరుతోనూ బాగా పాకింది. ఎనిమిది, పదిమంది ఉంటే దీనికి సాటి లేదు, అందులో నాకు అనుమానమే లేదు. చీట్లు కూడా అక్కర్లేదు, అందరూ కళ్ళు మూసుకుంటే ఆట నడిపే మనిషి చుట్టూ తిరిగి ఒకరి భుజం తట్టితే వాళ్ళే మాఫియా. రాత్రి, అంటే అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు, మాఫియా ఒకరిని చంపుతుంది, పగలు అందరూ కళ్ళు తెరిచి మాఫియా ఎవరని వాదించుకుని ఓట్లేసి ఒకరిని బయటికి పంపుతారు.

కానీ చిన్న గుంపులో లెక్క తిరగబడుతుంది. నడిపే మనిషి కాకుండా ఐదుగురు, అందులో ఒక్కరే మాఫియా అనుకోండి. రాత్రితో మొదలుపెడితే నలుగురు మిగులుతారు, పగలు పొరపాటున అమాయకుణ్ణి పంపితే ముగ్గురు, మళ్ళీ రాత్రైతే ఇద్దరే, మాఫియా గెలిచినట్టే. అంటే పట్టుకోవడానికి ఒకే ఒక్క ఓటు! అదే పగటితో మొదలుపెడితే రెండు ఓట్లు దొరుకుతాయి, ఐదుగురే ఉంటే ఇలాగే ఆడాలి. మొదటి రాత్రే చచ్చిపోయిన మనిషి నోరు మూసుకుని కూర్చోవడం నాకు అస్సలు నచ్చని విషయం, కాబట్టి చనిపోయినవాళ్ళకి తర్వాతి రౌండు నుంచి ఆట నడిపే పని ఇచ్చేయండి, అసలు నడిపిన మనిషి వాళ్ళ చెవిలో మాఫియా ఎవరో చెబితే చాలు. చిన్న గుంపుకి 5కి 3, పెద్ద గుంపుకి 5.

కన్ను కొట్టి చంపే ఆట దీనికి తమ్ముడి వరస, మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. ఒకరిని బయటికి పంపి మిగతావాళ్ళు తమలో హంతకుడు ఎవరో తేల్చుకుంటారు, బయటి మనిషి వచ్చి మధ్యలో నిలబడి పట్టుకోవాలి. కన్ను కొట్టించుకున్నవాళ్ళు వెంటనే పడిపోతే హంతకుడు దొరికిపోతాడు, నాలుగైదు క్షణాలు ఆగి పడాలి, ఎంత నాటకంగా పడితే అంత బాగుంటుంది. ఆరుగురికి తగ్గితే వద్దు.

చివరి అక్షరంతో మాటలు కట్టే ఆట తెలుగులో ఆడదామనుకుంటే రెండు చిక్కులున్నాయి. బహువచనాలు రానిస్తే అన్నీ ‘లు’తోనే ముగుస్తాయి, ఎవరి చేతిలో చూసినా ‘ల’నే. వాటిని నిషేధించాలి. ఇంకొకటి, ‘వీణ’ అని ఎవరైనా అన్నారంటే ‘ణ’తో మొదలయ్యే మాట తెలుగులో దొరకదు, ‘ళ’ కూడా అంతే. అప్పుడు దాని ముందున్న అక్షరం తీసుకోవాలన్న రూల్ పెట్టుకుంటే ఆట హాయిగా సాగుతుంది. 5కి 3.5, అదీ ప్రతి రౌండుకి జంతువులు, వస్తువులు అని ఒక విషయం పెట్టుకుంటేనే.

చెవిలో మాట చెప్పే ఆట నలుగురితో దండగ, మాట మారే దూరమే ఉండదు. రెండు నిజాలు ఒక అబద్ధం కొత్తగా కలిసినవాళ్ళకి చాలా మంచిది, చిన్నప్పటి స్నేహితులకి పనికిరాదు, ఒకరి కథలన్నీ ఇంకొకరికి కంఠతా వచ్చు. డంబ్ షరాడ్స్ ఎప్పుడూ బాగుంటుంది, దాని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ట్రూత్ ఆర్ డేర్ మాత్రం నేను ఎవరికీ చెప్పను, ఇష్టం లేని సంగతి బయటపెట్టమనో, ఇష్టం లేని పని చెయ్యమనో ఒకరిని నలుగురి మధ్య నిలబెట్టడం ఆట కాదు.

ఎవరికీ మాట్లాడే ఓపిక లేని వేళకి ఒకటి ఉంది, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టడం. కళ్ళు మూసుకోవాలి, వరస ఉండదు, సైగలు చెయ్యకూడదు, ఎవరికి తోచినప్పుడు వాళ్ళు తర్వాతి అంకె చెప్పాలి, ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నటన నేర్పేచోట కూడా దీన్ని చేయిస్తారు. వినడానికి చప్పగా ఉంటుంది గానీ పదిహేను దాటాక ఎవరు నోరు తెరవాలన్నా గుండె దడదడలాడుతుంది. ఇందులో ఓడిపోయేవాళ్ళంటూ ఉండరు, అందరూ కలిసే గెలవాలి, అదే నాకు బాగా నచ్చింది. ఐదారుగురికి 5కి 4.5. వరసగా రెండు అంకెలు ఒకరే చెప్పకూడదని ముందే అనుకోండి, లేకపోతే తొందరపడే మనిషి ఒక్కరే లాగించేస్తారు.