ఫోనా, ఫిల్మ్ కెమెరానా: కోలుకునే రోజుల్లో వీధి ఫొటోలు

డిప్రెషన్‌కు మందులు, కౌన్సెలింగ్ కొనసాగిస్తూనే వీధుల్లో ఫొటోలు తీయాలనుకునేవాళ్లకు ఫోన్ సులువు. జేబులోనే ఉంటుంది. కానీ తీసిన వెంటనే చూసుకుంటాం, బాగాలేదని చెరిపేస్తాం. మధ్యలో నోటిఫికేషన్ వస్తే మళ్లీ టెన్షన్.

35 ఎంఎం ఫిల్మ్ రోల్‌లో మామూలుగా 36 ఫొటోలే. అందుకే ఆగి చూస్తాం. పెచ్చులూడిన నీలం గోడ, దాని పగుల్లోంచి తొంగిచూసే రెండాకుల మొక్క. వెలుతురు చూసుకుని, ఫోకస్ తిప్పి, ఊపిరి బిగబట్టి నొక్కేలోపు, ఒకే ఆలోచన చుట్టూ తిరిగే మనసు కాసేపు ఆ గోడ దగ్గరే నిలబడుతుంది. ఫొటో ఎలా వచ్చిందో డెవలప్ చేశాకే తెలుస్తుంది కాబట్టి అక్కడికక్కడే మనల్ని మనం తిట్టుకోం. ఖర్చు మాత్రం ఎక్కువే.

నా ఓటు ఫిల్మ్‌కే. అయితే మంచం దిగడమే కష్టమైన రోజున ఫోన్ చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వీధి చివరిదాకా నడిచి, ఒక్కటి తీసుకుని రండి.