పల్లెలో పెద్ద కుటుంబం, వేసవికాలం: కూలర్ మేలా, ఏసీ మేలా?

ఎండలు ముదిరే సమయానికి పల్లెల్లో ఉండే బంధువులు, స్నేహితులు ఏటా నన్ను ఒకే మాట అడుగుతారు. "ఇంట్లో పది, పన్నెండు మందిమి ఉంటాం. ఈసారి ఏసీ పెట్టించమంటావా, పెద్ద కూలర్ కొనమంటావా?" అడిగేవాళ్లకు రెండింటి సంగతీ తెలుసు. ఏసీ గదిని బాగా చల్లబరుస్తుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. కూలర్‌కు తక్కువ కరెంటు చాలు గానీ నీళ్లు పోస్తూ ఉండాలి. అయినా ఎటూ తేల్చుకోలేకపోతారు. ఎందుకంటే వినిపించే సలహాలు ఎక్కువగా ముగ్గురో నలుగురో ఉండే ఫ్లాట్లను మనసులో పెట్టుకుని చెప్పినవి. పది మంది తిరిగే పల్లె ఇంటి లెక్క వేరు.

చాలామంది బిల్లు దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం ముందు మీ ఇంట్లో తలుపులు ఎన్నిసార్లు తెరుచుకుంటాయో ఒక రోజంతా గమనించమంటాను. పొలం నుంచి ఒకరు వస్తారు, పశువులకు నీళ్లు పెట్టడానికి ఇంకొకరు లేస్తారు, వంటింట్లోంచి ఎవరో పిలుస్తారు. వేసవి సెలవుల్లో పిల్లలు ఒక్క చోట పది నిమిషాలు కూర్చోరు. చుట్టుపక్కల వాళ్లు ఏదో పని మీద వచ్చి గుమ్మంలో నిలబడి మాట్లాడతారు. ఇది మామూలుగా సాగే పల్లె జీవితం, దీన్ని మార్చాల్సిన అవసరమూ లేదు. కానీ ఏసీ పని చేయాలంటే తలుపులు, కిటికీలు మూసి ఉండాలి. తెరిచిన ప్రతిసారీ వేడిగాలి లోపలికొస్తుంది, కంప్రెసర్ మళ్లీ మొదటి నుంచి కష్టపడుతుంది. ఇక రోజంతా "తలుపెయ్యండి" అన్న కేకలే. ఏసీ కొన్న ఇళ్లలో వేసవి అంతా ఈ చిన్న గొడవ నడుస్తూనే ఉంటుంది.

కూలర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి గాలి బయటికి పోయే దారి ఉండి తీరాలి. బయటి పొడిగాలి తడి ప్యాడ్ల గుండా వచ్చేటప్పుడు నీరు ఆవిరవుతుంది, అందుకు కావలసిన వేడిని ఆ గాలి నుంచే తీసుకుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి, కాబట్టి గాలి గట్టిగానే చల్లబడుతుంది. అలా వచ్చిన గాలి గదిలో తిరిగి ఎదురు కిటికీ నుంచో తలుపు నుంచో బయటికి పోతే కొత్త గాలి వస్తూ ఉంటుంది. పిల్లలు తలుపు తీసి పరిగెత్తినా నష్టం లేదు. పెద్ద కుటుంబానికి ఈ ఒక్క గుణం చాలా పెద్ద విషయమని నా నమ్మకం.

రెండో సంగతి మనుషుల వేడి. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి వస్తుంది. పది మంది ఒక గదిలో ఉంటే అక్కడ కిలోవాట్ హీటర్ ఒకటి వెలుగుతున్నట్టే. టన్నున్నర ఏసీ పూర్తి సామర్థ్యం 5 కిలోవాట్లకు కాస్త ఎక్కువ. అంటే దాని శక్తిలో దాదాపు ఐదో వంతు మనుషులు పుట్టించే వేడిని లాగడానికే సరిపోతుంది. పైగా మామూలు స్ప్లిట్ ఏసీ బయటి నుంచి కొత్త గాలిని తీసుకురాదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. మూసిన గదిలో అంతమంది రాత్రంతా పడుకుంటే తెల్లారేసరికి గాలి బరువెక్కి, తలనొప్పితో లేవాల్సి వస్తుంది. ఇద్దరు పడుకునే గదిలో ఈ ఇబ్బంది అంతగా తెలియదు.

ఇక నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ చల్లదనం ఎవరి వాటాకు వస్తుందన్నది. ఏసీ ఉన్న గది ఒక్కటే అయితే రాత్రికి అందులో ఎవరు పడుకోవాలి? ముందు తాతయ్యకూ నానమ్మకూ అంటారు. వాళ్లు కీళ్లు పట్టేస్తున్నాయని పిల్లలకు వదిలేస్తారు. పిల్లల వెంట వాళ్ల అమ్మలు వెళ్తారు, లేదా సెలవులకు వచ్చిన చుట్టాలకు ఆ గది ఇస్తారు. చివరికి ఎండలో పని చేసి వచ్చినవాళ్లు, పొద్దున్నుంచి పొయ్యి దగ్గర వేగినవాళ్లు బయట మిగిలిపోతారు. ఆ చల్లదనం అందరికంటే ఎక్కువగా కావలసింది వాళ్లకే. నోరు తెరిచి అడగనిదీ వాళ్లే. హాలు కిటికీకి పెట్టిన పెద్ద కూలర్ ముందు ఇంటిల్లిపాదీ వరసగా పడుకోవచ్చు. అంత చల్లగా ఉండకపోవచ్చు, కానీ అందరికీ అందుతుంది.

ఇంతవరకు చెప్పిందంతా ఒక షరతు మీద నిలబడి ఉంది. గాలి పొడిగా ఉండాలి. తేమ ఎక్కువైతే కూలర్ చేతులెత్తేస్తుంది. బయట 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉంటే మంచి కూలర్ నుంచి 28, 29 డిగ్రీల గాలి వస్తుంది. అది సుఖంగానే ఉంటుంది. అదే 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న చోట మహా అయితే 31 డిగ్రీల గాలి వస్తుంది. అదీ నీటి ఆవిరితో నిండి ఉంటుంది కాబట్టి ఒంటి మీద చెమట ఆరదు. జిడ్డుగా ఉంటుంది, ఉక్క తగ్గదు. సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లలో చాలామంది కూలర్ కొని నిరాశపడేది ఇందుకే.

మీ ఊరి గాలి ఎలాంటిదో ఎవరినీ అడగక్కర్లేదు. రెండు మామూలు థర్మామీటర్లు తీసుకోండి. ఒంటి వేడి చూసేవి కాదు, గది వేడి చూసేవి. ఒకదాని బుడ్డికి తడి నూలుగుడ్డ చుట్టి, రెండింటినీ మధ్యాహ్నం నీడలో, ఫ్యాన్ గాలికి పది నిమిషాలు ఉంచండి. రెండింటికీ తేడా 10 డిగ్రీలు దాటితే కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ తేడాలో సుమారు ముప్పావు వంతు చల్లదనం మీకు అందుతుంది. తేడా ఆరేడు డిగ్రీలలోపే ఉంటే కూలర్ ఆలోచన మానుకోండి. ఈ పరీక్ష ఎండలు బాగా ఉన్న రోజున ఒకసారి, రాత్రి పడుకునే వేళ ఇంకోసారి చేస్తే ఇంకా మంచిది. కొన్ని చోట్ల పగలు పొడిగా ఉండి, రాత్రికి తేమ పెరుగుతుంది.

కరెంటు విషయంలో వాట్ల తేడా అందరికీ తెలిసిందే. పెద్ద కూలర్ 150 నుంచి 200 వాట్లు, టన్నున్నర ఏసీ పూర్తిగా నడిచేటప్పుడు సుమారు 1,500 వాట్లు. పల్లెలో బిల్లు కంటే పెద్ద సమస్య కరెంటు ఉండటం, ఉన్నా సరైన వోల్టేజీ ఉండటం. అందరూ మోటార్లు వేసిన వేళ వోల్టేజీ పడిపోతే ఏసీ కంప్రెసర్ మొరాయిస్తుంది. స్టెబిలైజర్ కొంతవరకే కాపాడుతుంది. కరెంటు పోతే ఏసీని ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టర్ నడపలేదు. కూలర్‌ను నడుపుతుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే ఒక కూలర్, ఒకటి రెండు ఫ్యాన్లు నాలుగైదు గంటలు నడుస్తాయి. అయితే అది సైన్ వేవ్ ఇన్వర్టర్ (లైను కరెంటులాంటి కరెంటునే ఇచ్చేది) అయి ఉండాలి, చవకరకం ఇన్వర్టర్ మీద కూలర్ మోటారు గుర్రుమని శబ్దం చేస్తూ వేడెక్కుతుంది. అర్ధరాత్రి కరెంటు పోయి చంటిపిల్లలు లేచి ఏడ్చే ఇంట్లో ఈ నాలుగు గంటల విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

కూలర్ కష్టాలు దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. మొదటిది నీళ్లు. పొడి ఎండలో పెద్ద కూలర్ గంటకు అయిదారు లీటర్లు సులువుగా తాగేస్తుంది. పది గంటలు నడిస్తే 50, 60 లీటర్లు. బావులు అడుగంటే కాలంలో, పది మందికి స్నానాలు, బట్టలు, వంట అన్నీ నడవాల్సిన ఇంట్లో ఇది చిన్న మాట కాదు. నీళ్లు దూరం నుంచి మోసుకొచ్చే పరిస్థితి ఉంటే కూలర్ కొనే ముందు, ఆ నీళ్లు మోసేది ఎవరని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. అడగకుండానే ఆ పని ఇంట్లో ఆడవాళ్ల మీద పడితే అలాంటి చల్లదనం వద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ప్యాడ్ల మీద తెల్లటి పెచ్చు కట్టి గాలి తగ్గిపోతుంది. రెండు మూడు రోజులకోసారి ట్యాంకు నీళ్లు పూర్తిగా వదిలేసి కొత్తవి పోస్తే పెచ్చు నెమ్మదిస్తుంది. వదిలిన నీళ్లు మొక్కలకు పోయొచ్చు, కానీ మరీ ఉప్పుగా ఉంటే వద్దు.

రెండోది దోమలు. డెంగీని మోసే దోమ నిలవ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి ట్యాంకు ఖాళీ చేయాలి. ఖాళీ చేస్తే సరిపోదు, గోడలను బ్రష్‌తో రుద్దాలి. ఆ గుడ్లు గోడకు అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి. వేసవి అయిపోయాక కూలర్‌ను మూలన పెట్టే రోజున కూడా బాగా రుద్ది, ఆరబెట్టి పెట్టాలి.

మూడోది షాక్. ఈ విషయంలో నేను ఏ మాత్రం మెతకగా ఉండలేను. ఇనుప బాడీ కూలర్, తడి నేల, చెప్పుల్లేని పిల్లలు కలిసిన చోట ఎర్తింగ్ సరిగా లేకపోతే ప్రాణం పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు, గోడలోని వైరు నిజంగా భూమి దాకా వెళ్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టించండి. కరెంటు ఎటైనా కారితే అది క్షణంలోపే సరఫరా ఆపేస్తుంది. పిల్లలున్న ఇంటికి ప్లాస్టిక్ బాడీ కూలరే తీసుకోండి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్గు తీసేయాలి, ఇది పెద్దలే చేయాలి.

కూలర్‌ను పెట్టే చోటు గురించి కూడా ఒక మాట. కిటికీ బయట, నీడ ఉన్న వైపు పెట్టి గాలిని లోపలికి వదలాలి. గది మధ్యలో పెట్టి తలుపులు మూసేస్తే లోపలి తేమనే మళ్లీ మళ్లీ పీల్చి అరగంటలో ఉక్కపోత మొదలవుతుంది. "మా కూలర్ పనిచేయడం లేదు" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీనివల్లే. ప్యాడ్లలో గడ్డివి చవక, మొదట్లో బాగా చల్లబరుస్తాయి, కానీ సీజన్ చివరికి కుంగిపోయి వాసన వస్తాయి. తేనెపట్టులా గడులుండే హనీకోంబ్ ప్యాడ్లు మూడు నాలుగేళ్లు వస్తాయి. పెద్ద ఇంటికి అవే నయం.

మిగతావాటిలో టవర్ కూలర్లు, చిన్న పర్సనల్ కూలర్లు ఇంతమందికి ఆనవు. చక్రాల మీద తిరిగే పోర్టబుల్ ఏసీ ఖరీదుకు తగ్గ పని చేయదు. ఒట్టి సీలింగ్ ఫ్యాన్ వేడి 40 డిగ్రీలు దాటనంత వరకు బాగానే ఉంటుంది, ఆ తర్వాత వేడిగాలిని మన మీదికి కొడుతుంది. డాబా పైన తెల్ల సున్నం వేయడం మాత్రం ఏది కొన్నా, కొనకపోయినా చేయాల్సిన పని. స్లాబు పగలంతా దాచుకున్న వేడిని రాత్రంతా కిందికి వదులుతుంది కాబట్టి అసలు అంత వేడెక్కకుండా చూడటం మంచిది. రేకుల ఇల్లయితే కింద సీలింగ్ వేయకుండా ఏసీ ఆలోచన పెట్టుకోకండి.

కాబట్టి పొడి ప్రాంతంలో నా ఓటు హాలు కిటికీకి పెట్టే ఒక పెద్ద కూలర్‌కు. డబ్బు మిగిలితే, ఇంట్లో గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లో, నెలల పిల్లలో, నిండు గర్భిణో ఉంటే, ఒక చిన్న గదికి మాత్రం టన్ను ఏసీ పెట్టించండి. వడగాడ్పుల రోజుల్లో వాళ్లకు అది ప్రాణరక్షణ, అక్కడ పొదుపు చూడకూడదు. ఆ గది రాకపోకలు తక్కువగా ఉండేదై ఉండాలి, వంటింటి దారిలో ఉండకూడదు. ఉష్ణోగ్రత 26 దగ్గర ఉంచి ఫ్యాన్ వేసుకుంటే పెద్దవాళ్ల కీళ్లకూ ఇబ్బంది ఉండదు.

తేమ ఎక్కువ ఉన్న ఊరైతే ఏసీయే. అక్కడ కూడా హాల్లో రెండు టన్నుల ఏసీ వద్దంటాను. ఎన్నో తలుపులున్న హాలును మూయలేరు. రెండు పడకగదుల్లో రెండు ఒక టన్ను ఏసీలు పెట్టించి, రాత్రి అందరూ ఆ రెండు గదుల్లో సర్దుకోండి. పడుకునే ముందు కాసేపు తలుపులు తెరిచి గాలి మారనివ్వండి. మధ్యరాత్రి ఎవరైనా లేచినప్పుడు ఇంకోసారి తెరిచినా మంచిదే. రెండు ఏసీలు కలిసి ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి, మీటరుకు మంజూరైన లోడు ఎంతో కొనడానికి ముందే చూసుకుని, అవసరమైతే పెంచమని దరఖాస్తు పెట్టండి. అది మంజూరు కావడానికి కొంత సమయం పడుతుంది, ఎండలు ముదరకముందే మొదలుపెట్టాలి.