ఐపైథాన్‌లో పాత కమాండ్ల వెతుకులాట: ఆరేళ్ల వాడకం తరువాత

డేటాతో పనిచేసే నాకు ఆరేళ్లుగా రోజులో ఎక్కువ సమయం ఐపైథాన్ (పైథాన్ కమాండ్లను ఒక్కొక్కటిగా కొట్టి వెంటనే ఫలితం చూసుకునే షెల్) ప్రాంప్టు దగ్గరే గడుస్తోంది. ఒకసారి కొట్టిన కమాండును మళ్లీ పట్టుకోవడంలో ఇంత చక్కగా సాయపడే షెల్‌ను నేను వేరే చూడలేదు. అయితే పాత కమాండ్లను వెనక్కి వెతికే కంట్రోల్-ఆర్ షార్ట్‌కట్ నొక్కినా కావలసింది దొరకని రోజులూ ఉన్నాయి, వాటి కారణాలు తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మొదట్లో, టెర్మినల్‌లో వాడే బాష్ అనే షెల్ కోసం ఇన్‌పుట్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైలులో రాసుకున్న షార్ట్‌కట్లు ఐపైథాన్‌లో ఏవీ పనిచేయలేదు. 2016లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి ఐపైథాన్, కొట్టే లైన్లను చూసుకునే రీడ్‌లైన్ లైబ్రరీని వదిలి అదే పని చేసే ప్రాంప్ట్ టూల్‌కిట్‌కు మారింది కనుక, రీడ్‌లైన్ కోసం ఉన్న ఆ ఫైలును అది చదవదు. ఆ సంగతి తెలిశాక దిగులు తీరింది. పైగా, కమాండులో మొదటి నాలుగు అక్షరాలు కొట్టి పై బాణం నొక్కితే వాటితో మొదలయ్యే పాత లైన్లే రావడం ఇందులో ముందునుంచే ఉంది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మరొకటి. మూడు నెలల కిందట రాసిన ఒక గ్రూప్‌బై (డేటాను గుంపులుగా విడదీసే కమాండు) లైను కోసం కంట్రోల్-ఆర్ నొక్కి ఎంత వెనక్కి వెళ్లినా ఈ మధ్యవే కనబడ్డాయి, ఆ లైను పోయిందనే అనుకున్నాను. నిజానికి కమాండ్లన్నీ హిస్టరీ.ఎస్‌క్యూలైట్ అనే ఫైలులో భద్రంగానే ఉంటాయి. మొదలయ్యేటప్పుడు ఐపైథాన్ వాటిలో చివరి 1000 మాత్రమే లోడ్ చేసుకుంటుంది, షార్ట్‌కట్ వెతికేది వాటిలోనూ ఆ సెషన్‌లో, అంటే ఐపైథాన్ తెరిచినప్పటినుంచి, కొట్టినవాటిలోనూ మాత్రమే. ఫైలు మొత్తం వెతికే %హిస్టరీ -జీ కమాండుతో, %హిస్టరీ -జీ గ్రూప్‌బై అని కొట్టగానే పాత లైన్లన్నీ 243/7 వంటి సెషన్, లైన్ నంబర్లతో వరుసగా వచ్చాయి, %రీకాల్ 243/7 అనేసరికి నా లైను తర్వాతి ప్రాంప్టులో సిద్ధంగా నిలిచింది. ఆ తరువాత కాన్ఫిగ్ ఫైలులో హిస్టరీ_లోడ్_లెంగ్త్‌ను 5000కు పెంచుకున్నాను. వెతుకులాట ఎంతవరకు సాగిందో షెల్ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పూట వృథా అయ్యేది కాదు.

రెండు కిటికీల్లో ఐపైథాన్ తెరిచి పనిచేసేవారికీ ఇదే చిక్కు వస్తుంది. ఒకదానిలో కొట్టినది, రెండోదాన్ని మూసి తెరిచేదాకా అక్కడి కంట్రోల్-ఆర్‌కు అందదు, %హిస్టరీ -జీ కి మాత్రం అందుతుంది.

కంట్రోల్-ఎస్ సంగతి వేరు. వెనక్కి వెతుకుతూ దాటిపోయినప్పుడు ముందుకు రావడానికి బాష్‌లో దాన్ని నొక్కితే తెర కదలక మెదలక నిలిచిపోతుంది, ఎందుకంటే ఆ కీని టెర్మినలే అవుట్‌పుట్‌ను ఆపమన్న సంకేతంగా తీసుకుంటుంది. కంట్రోల్-క్యూ నొక్కితే విడుదలవుతుంది, ఎస్‌టీటీవై -ఐక్సాన్ అనే కమాండును, బాష్ మొదలయ్యేటప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైలులో రాసుకుంటే మళ్లీ రాదు. ఐపైథాన్ తన ప్రాంప్టులో ఉన్నంతసేపు ఆ ఏర్పాటును తానే ఆపివేస్తుంది కనుక అక్కడ ఈ బాధ లేదు.

ఇప్పటికీ తీరని లోటు ఒకటి ఉంది: ఏ కమాండును ఏ వేళ కొట్టామో ఐపైథాన్ దాచుకోదు, సెషన్ మొదలైన, ముగిసిన సమయాలను మాత్రమే దాచుతుంది. గత నెల ఫలానా రోజు మధ్యాహ్నం ఏం చేశానో చూడాలంటే నేను ఆ హిస్టరీ ఫైలును ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాధనంతో తెరిచి, సెషన్ల పట్టికలో తేదీ వెతికి, ఆ నంబరు పట్టుకుని వెళ్లవలసి వస్తోంది.