కృష్ణపట్నం ఉప్పుటేట్లో 42 అడుగుల యాట్: ఆరేళ్ల వాడకం తర్వాత

పడవ చూడ్డానికి ఎవరొచ్చినా మొదట అడిగేది మైలేజీ. "లీటరుకెంత ఇస్తాదన్నా?" అని. మూడొందల మీటర్లంటే ఎగతాళి చేస్తున్నాననుకుంటారు. నిజంగా అంతే. రెండు ఇంజన్లు, ఒక్కోటి 370 హార్స్‌పవర్. 22 నాట్లు, అంటే గంటకు 41 కిలోమీటర్ల లెక్కన తోలితే రెండూ కలిసి గంటకు 125 లీటర్ల డీజిలు తాగుతాయి. 8 నాట్లకు దించితే 28 లీటర్లతో సరి. అప్పుడు లీటరుకు అర కిలోమీటరు దాటుతుంది. ఈ లెక్క మొదటి ఏడాదే బుర్రకెక్కి ఉంటే చాలా డబ్బు మిగిలేది. కొత్తలో ప్రతి చుట్టానికీ స్పీడు చూపించడమే పనిగా ఉండేది నాకు.

2019 చివర్లో కొచ్చిలో సెకండ్‌హ్యాండుకు కొన్నాను. 2008లో తయారైంది. కింద రెండు బెడ్రూములు, రెండు బాత్రూములు, మధ్యలో హాలు, పైన ఇంకో స్టీరింగు ఉండే ఫ్లైబ్రిడ్జి మోడలు. కోటీ ముప్ఫై అయిదు లక్షలు పడింది. రొయ్యలకు రేటున్న రెండేళ్ల సంపాదన అది. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ "మీ ఆరో చెరువు" అంటుంది. రొయ్యల పట్టుబడి రాని చెరువని అర్థం. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో చెప్పబోయే తిప్పలు చాలావరకు పడవవి కావు, మన తీరానివి. కొత్తది కొనాలనుకునేవాళ్లు పన్ను కూడా చూసుకోండి: 2025 సెప్టెంబరు 22 నుంచి యాట్ల మీద జీఎస్టీ 40 శాతం.

కొచ్చి నుంచి కృష్ణపట్నానికి తెచ్చిన పదకొండు రోజులే ఈ ఆరేళ్లలో నేను చేసిన అసలు ప్రయాణం. 2020 ఫిబ్రవరి. కన్యాకుమారి తిరిగి తూత్తుకుడి, అక్కణ్నుంచి పాంబన్. పెద్ద ఓడలు శ్రీలంక చుట్టూ తిరిగి రావాల్సిందే. మన పడవ నీళ్లలోకి దిగేది మీటరుకు కాస్త ఎక్కువ, కాబట్టి పాంబన్ సందులోంచి దూరిపోవచ్చు. కానీ రైలు వంతెన తెరవాలి. అప్పటికింకా 1914 నాటి పాత వంతెన మీదే రైళ్లు నడుస్తున్నాయి. అర్జీ పెట్టి మూడు రోజులు లంగరేసుకుని కూర్చున్నాం. నాలుగో రోజు మధ్యాహ్నం పనివాళ్లు చేతులతో మరలు తిప్పుతుంటే ఆ ఇనప రెక్కలు రెండూ మెల్లగా పైకి లేచాయి. మా ముందు ఒక బార్జి, వెనక నాలుగు చేపల బోట్లు. కింద నీళ్లు కాలవలాగా పరిగెడుతున్నాయి. స్టీరింగు నా చేతిలో లేదు, పడవ నడిపే సరంగు చేతిలో ఉంది. అందుకే హాయిగా చూడగలిగాను.

మార్చి మొదటి వారంలో కృష్ణపట్నం చేరాం. ఆ నెల 25న లాక్‌డౌన్. పడవ మూడు నెలలు కదల్లేదు. జూన్‌లో ఒకణ్ని నీళ్లలోకి దింపి చూపిస్తే అడుగంతా గవ్వచిప్పలు పట్టేసి, ప్రొపెల్లర్లు సున్నపు ముద్దల్లా ఉన్నాయి. ఉప్పుటేటి నీళ్లలో నిలబెట్టిన పడవకు అదే జరుగుతుందని తెలుసు గానీ మూడు నెలల్లోనే అంతగా పడుతుందనుకోలేదు. 22 నాట్లు పోయే పడవ 13 దగ్గర ఆయాసపడింది. అప్పట్నుంచి ఏటా పైకి తీయించి అడుగుకు ప్రత్యేకమైన రంగు వేయించడం, షాఫ్టుల దగ్గర జింకు దిమ్మలు మార్చడం తప్పదు. ఆ జింకు తాను కరిగిపోతూ ప్రొపెల్లరును కాపాడుతుంది. దీనికి చెన్నై పోవాలి. ఇక్కణ్నుంచి 70 నాటికల్ మైళ్లు, అంటే 130 కిలోమీటర్లు.

ఇక్కడే అసలు విషయం. నెల్లూరు, ప్రకాశం తీరంలో యాట్ కట్టుకునే మెరీనా లేదు. చేపల రేవులో పెడదామంటే అది చేపల బోట్ల చోటు, మనం అడ్డం. నేను కండలేరు ఉప్పుటేటి పాయలో ఒక స్నేహితుడి చెరువుల గట్టు పక్కన తేలే జెట్టీ కట్టుకున్నా. కాగితాలకే ఎనిమిది నెలలు పట్టింది. డీజిలు పంపు కూడా లేదు. బంకు నుంచి ట్రాలీ ఆటోలో డ్రమ్ములు తెచ్చి, చేతి పంపుతో, గుడ్డ అడ్డం పెట్టి పోసుకోవాలి. ఒకసారి డ్రమ్ములో అడుగునున్న నీళ్లు ట్యాంకులోకి పోయి, ఫిల్టర్లు పూడుకుపోయి, రేవు ముందర ఓడలు పోయే దారిలో రెండు ఇంజన్లూ ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి. దూరంగా బొగ్గు ఓడ వస్తా ఉంది. వాకీటాకీలో పోర్టువాళ్లకు చెప్పి, ఫిల్టర్లు మార్చి ఎడమ ఇంజను స్టార్ట్ చేసేసరికి పదిహేను నిమిషాలు. అప్పట్నుంచి డ్రమ్ములో డీజిలు ఒక రాత్రంతా నిలవనిచ్చి, అడుగు నాలుగు వేళ్లు వదిలేసి తోడుతున్నాం.

సముద్రం సంగతి. గోవాలోనో అండమాన్లోనో యాట్ ఎక్కినవాళ్లకు ఒక ఊహ ఉంటుంది: సాయంత్రం ఏదో మలుపులో లంగరేసి, దీపాలు పెట్టుకుని, రాత్రంతా హాయిగా గడపడం. మన తీరం నిట్టనిలువు గీత. మైపాడు చూడండి, తుమ్మలపెంట చూడండి, కొత్తపట్నం చూడండి, ఎక్కడా మలుపు లేదు, దీవి లేదు. బయట లంగరేస్తే అల అడ్డంగా కొట్టి పడవను ఉయ్యాల ఊపుతుంది. మైపాడు ముందర ఒక పున్నమి రాత్రి పట్టుబట్టి ఆగాను. పదింటికి పిల్లలు వాంతులు. మా సరంగు అప్పటిదాకా నోరు మెదపలేదు. "పండుకోవాలంటే ఏట్లోకి పోదాం పా అబ్బయ్యా, ఈడుంటే తెల్లార్లూ పొర్లాడిస్తాది" అన్నాడు. బెడ్రూములు రెండున్నా, ఆరేళ్లలో సముద్రం మీద పడుకున్న రాత్రులు తొమ్మిది.

బాగుండేది జనవరి చివర్నుంచి మార్చి దాకా. నీళ్లు అద్దంలా ఉంటాయి. తాబేళ్లు ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం కూడా అదే, కాబట్టి తీరం దగ్గర వేగం తగ్గించండి. నీటిమీద తేలే వీపు చూసేలోపే పడవ కిందకి వచ్చేస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, 61 రోజులు. వలలు తక్కువ, సముద్రం ఖాళీ. అయితే మధ్యాహ్నం పన్నెండు దాటితే దక్షిణపు గాలి లేచి అల పెరుగుతుంది, పైగా పదకొండింటికే టేకు డెక్కు మీద కాలు పెట్టలేం. పొద్దున అయిదింటికి పోయి తొమ్మిదికి వచ్చేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నేను కదలను.

మిగ్‌జాం తుపాను చెప్పాలి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, కానీ అంతకుముందు నెల్లూరు ఒడ్డును రాసుకుంటూ పోయింది. ముందు రోజే ఎనిమిది తాళ్లు కట్టాం, రెండు లంగర్లు ఏటి మధ్యకు వేశాం. తాడు అంచుకు రాసుకునే ప్రతి చోటా పాత ఫైరింజను గొట్టం ముక్కలు కోసి తొడిగాం. ఇది సరంగు ఆలోచన, ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. ఆ రెండు రాత్రులూ ఆయన పడవలోనే ఉన్నాడు, నేను వద్దన్నా వినలేదు. నీరు పెరిగే కొద్దీ తాళ్లు వదులు చేస్తూ కూర్చున్నాడు. పైకప్పు గుడ్డ ఎగిరిపోయింది, జెట్టీ విరిగింది, పడవకు గీత పడలేదు. ఆయన లేకపోతే నేను ఇప్పుడు ఫైబరు ముక్కల గురించి రాస్తూ ఉండేవాణ్ని.

అందుకే నన్నడిగితే ఈ తీరంలో ముందు కట్టేసే చోటు చూసుకోవాలి, తర్వాత సరంగును, ఆ తర్వాత పడవను. నేను తిరగేసి చేశాను. రాత్రి వలల మీద మిణుకు మిణుకుమనే చిన్న దీపం ఏ రాడారులోనూ కనపడదు. చేపలు పట్టేవాళ్లుండే పట్టపుపాలెంలో పుట్టినవాడికి కనపడుతుంది. అయినా రెండుసార్లు వల తగిలింది. మొదటిసారి నేను మాట్లాడబోతే తగాదా అయింది. రెండోసారి సరంగే ఆ బోటు దగ్గరికి తీసుకుపోయి, "తప్పు మాదేరా అబ్బాయా, ఎంతయితే అంత చెప్పు" అన్నాడు. ఏడు వేలిచ్చాం. వాళ్లు తిరిగి రెండు వంజరాలు ఇచ్చారు.

విలాసం కోసం పెట్టినవన్నీ ముందు పాడయ్యాయి. తోలు సోఫాలు రెండో వానాకాలానికే బూజు పట్టాయి, ఇప్పుడు రెక్సిన్. కరెంటు టాయిలెట్ల గురించి రాయను, అన్నం తింటూ చదివేవాళ్లుంటారు. ఏసీ సముద్రపు నీటితో చల్లబడుతుంది. జెల్లీ ఫిష్ సీజన్లో నీరు పీల్చుకునే జాలీ మూసుకుపోయి గంటకోసారి ఆగుతుంది. గాజు ఇండక్షన్ పొయ్యి మీద మా అమ్మ తన మట్టి దాక పెట్టి చేపల పులుసు కాచబోతే అది వేడెక్కనే లేదు. గ్యాసు పొయ్యి పెడదామంటే, గ్యాసు గాలికన్నా బరువు, లీకయితే పడవ అడుక్కి చేరి కూర్చుంటుంది. చివరికి సిలిండరు, పొయ్యి రెండూ వెనక డెక్కు మీద, బయట గాలిలో పెట్టుకున్నాం. కోటీ ముప్ఫై అయిదు లక్షల పడవలో మేం ఎక్కువసేపు కూర్చునేది ఆ పొయ్యి చుట్టూనే. మోటుగా ఉండేవి మాత్రం మాట దక్కించుకున్నాయి: ఇంజన్లు 640 గంటలు తిరిగాయి, ఫైబరు అడుగు చెక్కుచెదరలేదు, లంగరు లాగే మోటారు ఒక్కసారీ మొరాయించలేదు.

2025 జనవరి 29 ఒక్కటీ చాలు నాకు. ఆరోజు శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం. ప్రయోగం ఉన్నప్పుడు ఆ దిక్కు సముద్రం మూసేస్తారు, నోటీసు చూసుకోకుండా దక్షిణానికి పోకండి. మేం ఉత్తరంగా, మైపాడు ముందర ఇంజన్లు ఆపి ఉన్నాం. పొద్దున 6 గంటల 23 నిమిషాలకు దక్షిణాన నీటి అంచు నారింజ రంగుకు తిరిగింది. ఒక గీత లేచి తూర్పుకు వంగింది. మా నాన్నకు డెబ్బై ఆరు. టీ గ్లాసు చేతిలోనే ఉంది, తాగలేదు. శబ్దం ఎప్పటికో, చాలా ఆలస్యంగా, గొంతు కింద ఉరుములా వచ్చింది.

ఖర్చు ఏడాదికి పద్దెనిమిది పందొమ్మిది లక్షలు: సరంగు, ఇంకో కుర్రాడి జీతాలు అయిదు లక్షల పైన, డీజిలు అయిదు, పైకి తీసి రంగు వేయడం నాలుగు, ఇన్సూరెన్సు ఒకటిన్నర, మిగతాది రిపేర్లు. ఏడాదికి నూటపది గంటలు తిరిగితే గంటకు పదిహేడు వేలు పడుతుంది. మళ్లీ కొనాల్సొస్తే 28 అడుగులది, ఒక్క ఇంజనుది, నీడకు పైకప్పున్న తెరిచిన పడవ కొంటాను. అమ్మేస్తావా అంటే, ఈ ఏడుకి లేదు. ఫిబ్రవరిలో రామాయపట్నం దాటి కొత్తపట్నం దాకా, 8 నాట్ల మీద, ఉత్తరానికి పారే నీటితో పాటు పోవాలని ఉంది. ముందు ఎడమ ఇంజనును చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజరు రావాలి. ముంబైలో బయల్దేరిందని నెల రోజుల నుంచి చెబుతున్నారు.