స్కూల్ రగ్బీకి లైవ్ ప్యాకేజీ: దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని తీసేయించాలి

పెళ్లిళ్లు లేని నెలల్లో కెమెరాలు ఖాళీగా ఉండకుండా నల్గొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ వైపు ఫొటో స్టూడియోలు స్కూల్ టోర్నమెంట్ల లైవ్ పని పట్టుకుంటున్నాయి. కబడ్డీకి అమ్మే ప్యాకేజీనే జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ సెవెన్స్‌కూ అమ్ముతారు: రెండు కెమెరాలు, ఒక ల్యాప్‌టాప్, స్కోరు పట్టీ, కామెంటరీ, యూట్యూబ్ లైవ్, మ్యాచ్ అయ్యాక రీల్స్, బెస్ట్ ప్లేయర్ పోస్టర్, అడిగితే డ్రోన్. కొటేషన్‌లో అన్నీ కలిపి ఒకే అంకె వేస్తారు. అక్కడే పీఈటీ సార్లు, హెడ్‌మాస్టర్లు ఆగి విడివిడిగా రేటు రాయించుకోవాలి. ఇందులో ఫుల్ మ్యాచ్ రికార్డింగ్ పెట్టిన డబ్బుకు మించి పనికొస్తుంది. లైవ్ ఫరవాలేదు. రీల్స్, పోస్టర్లు, మ్యాచ్ అవగానే మైక్ పెట్టడం మాత్రం 14, 15 ఏళ్ల పిల్లల మీద మోయలేనంత బరువు పెట్టే సరుకు.

ముందు కెమెరా సంగతి. రగ్బీ గ్రౌండ్ గోల్ లైన్ నుంచి గోల్ లైన్‌కు 94 నుంచి 100 మీటర్లు, అడ్డంగా 68 నుంచి 70 మీటర్లు. సెవెన్స్ ఆడినా గ్రౌండ్ కొలత ఇదే. పెళ్లి మండపంలో పనికొచ్చే 24-70 లెన్స్‌తో అవతలి అంచున పరిగెత్తే పిల్లాడు చీమంత కనిపిస్తాడు. దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపే 70-200 లెన్స్ ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. రెండోది ఎత్తు. హాఫ్‌వే లైన్‌కు ఎదురుగా కనీసం నాలుగైదు మీటర్ల ఎత్తున, పరంజా మీదో గ్యాలరీ పై మెట్ల మీదో కెమెరా ఉండాలి. నేల మీద ట్రైపాడ్ వేస్తే స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ వంగి భుజాలు కలిపి తోసుకునే చోట, వీపులు తప్ప ఏమీ కనపడవు, ఆఫ్‌సైడ్ ఎవరున్నారో అసలే తేలదు. సాయంత్రం మ్యాచ్‌లుంటే కెమెరా పడమటి వైపు పెట్టించండి. సూర్యుడు కెమెరా వెనక ఉండాలి, లేకపోతే పిల్లలంతా నల్లటి నీడలే.

స్టూడియోల వాళ్లు ఎక్కువగా తప్పేది షట్టర్ దగ్గర. సినిమా లుక్ కోసం సెకనుకు 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్ అలవాటు వాళ్లకు. పెళ్లికూతురి మీద అది బాగుంటుంది. పరిగెత్తే పిల్లాడి మీద వాడితే జెర్సీ నంబర్ కూడా చదవలేం. సెకనుకు 50 ఫ్రేములు, పగటి వెలుతురులో 1/500 నుంచి 1/1000 దాకా షట్టర్ అని ముందే చెప్పాలి. ఇంకో అలవాటు, బంతి పట్టినవాడి ముఖం మీదికి జూమ్ కొట్టడం. కోచ్‌కు కావాల్సింది ముఖం కాదు, ఎదుటి టీమ్ డిఫెన్స్ లైన్‌లో సందు ఎక్కడ పడిందన్నది. అందుకే ఒక కెమెరా మొత్తం వైడ్‌గానే ఉండాలి. రెండో కెమెరాతో వాళ్ల సరదా తీర్చుకోవచ్చు. డ్రోన్ అవసరం లేదు. బ్యాటరీ ఎక్కువసేపు నిలవదు, పిల్లల తలల మీద తిప్పే వస్తువూ కాదు.

నెట్ విషయంలో లెక్క సూటిగా ఉంటుంది. 1080పీ వీడియోను 6 ఎంబీపీఎస్‌తో పంపితే గంటకు 2.7 జీబీ ఖర్చవుతుంది. ఆరు గంటల టోర్నమెంట్‌కు 16 జీబీ పైనే. రోజుకు 2 జీబీ ప్లాన్ ఉన్న సిమ్ వేసుకుని వస్తే ముప్పావు గంటలో లైవ్ చతికిలబడుతుంది. అప్‌లోడ్ స్పీడ్ కావాల్సిన దానికి రెట్టింపు ఉండాలి. అది కూడా ముందురోజు ఖాళీ గ్రౌండ్‌లో కాదు, జనం నిండాక చూడాలి. అందరి ఫోన్లూ ఒకే టవర్ మీద పడ్డాక స్పీడ్ సగానికి సగం పడిపోవచ్చు. జడ్చర్లలో బాగా పనిచేసిన సిమ్ అమ్రాబాద్ వైపు వెళ్తే చేతులెత్తేయవచ్చు. రెండు వేరే కంపెనీల సిమ్‌లు తెచ్చుకోమనండి. సిగ్నల్ బలహీనంగా ఉంటే 720పీ, 3 ఎంబీపీఎస్‌కు దిగమనండి. ఆగి ఆగి వచ్చే 1080 కంటే ఆగకుండా వచ్చే 720 నయం. లైవ్ పోయినా పోనీ, కెమెరాలో కార్డు మీద రికార్డింగ్ మాత్రం ఆగకూడదు. 50 ఎంబీపీఎస్ రికార్డింగ్‌కు గంటకు 22 జీబీ పైగా పడుతుంది. 64 జీబీ కార్డు మూడు గంటలు కూడా రాదు కాబట్టి కార్డులు ఎన్ని తెస్తున్నారో లెక్క అడగాలి.

సెవెన్స్ మ్యాచ్ చిన్నది. ఏడేసి నిమిషాల రెండు హాఫ్‌లు, మధ్యలో రెండు నిమిషాలకు మించని విరామం. రోజంతా ఒకే లైవ్ వదిలేస్తే తర్వాత మీ మ్యాచ్ ఎక్కడుందో వెతకడానికే ఒక పూట పోతుంది. పైగా 12 గంటలు దాటిన లైవ్ రికార్డింగ్‌ను యూట్యూబ్ భద్రపరచకపోవచ్చు. మ్యాచ్‌కు ఒక ఫైలు, ఫైలు పేరులో వయసు గ్రూపు, మ్యాచ్ నంబర్ ఉండాలి. ఓపెనింగ్ సెర్మనీలో డీజే పాటలు మోగితే కాపీరైట్ దెబ్బ పడి ఆ వీడియో మూగబోవచ్చు, బ్లాక్ కూడా కావచ్చు. లైవ్ మొదటి విజిల్‌కు మొదలుపెట్టి ఆఖరి విజిల్‌కు ఆపేస్తే ఈ గొడవ ఉండదు. నాయకుల ఉపన్యాసాలు కూడా తప్పుతాయి, అదనపు లాభం.

స్కోరు పట్టీ నడిపేవాడికి రగ్బీ తెలియకపోతే నవ్వులపాలవుతుంది. బంతిని అవతలి గోల్ లైన్ దాటించి నేలకు తాకిస్తే ట్రై, దానికి 5; ట్రై తర్వాత కొట్టే కన్వర్షన్ కిక్‌కు 2, పెనాల్టీ కిక్‌కు 3, ఆట మధ్యలో కొట్టే డ్రాప్ గోల్‌కు 3. సెవెన్స్‌లో పాయింట్లు తెచ్చిన టీమే మళ్లీ కిక్ కొట్టి ఆట మొదలుపెడుతుంది. ఇది తెలియక పాయింట్లు అవతలి టీమ్‌కు వేసేస్తారు. ఎల్లో కార్డు అంటే రెండు నిమిషాలు బయట. ఈ నాలుగు ముక్కలు ఒక కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ పక్కన అంటించండి. కామెంటేటర్‌కు మాత్రం ఇంకాస్త గట్టిగా చెప్పాల్సి ఉంటుంది. కబడ్డీ ఊపులో "వీడే వదిలేసిండు, మ్యాచ్ పోగొట్టిండు" అనేస్తారు. నాకాన్ అంటే బంతి చేతి నుంచి ముందుకు జారడం, అంతే. రోజుకు ఇరవై సార్లు జరిగే పని. నేరం చేసినట్టు పేరు పెట్టి అరిస్తే ఆ క్లిప్ ఆ పిల్లాడి హాస్టల్ దాకా వెళ్తుంది. జెర్సీ నంబర్, టీమ్ పేరు చాలు. పట్టీ మీద కూడా పిల్లల పేర్లు, పుట్టిన తేదీ, ఊరు వేయనివ్వొద్దు.

అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టాల్సింది తల దెబ్బల దగ్గర. అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఆటగాడిని బయటికి తీసుకెళ్లి పరీక్షించి మళ్లీ పంపే పద్ధతి టీవీలో చూసి, ఇక్కడా అదే చేయొచ్చని కొందరు అనుకుంటారు. అది ప్రత్యేక వైద్యులున్న పెద్ద పోటీలకే. స్కూల్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చిందంటే ఆ పిల్లాడు బయటికి రావాలి, ఆ రోజు మళ్లీ దిగకూడదు. తర్వాత కూడా డాక్టర్ చూసి, మెల్లగా ఒక్కో మెట్టు ఎక్కించాకే ఆట. కెమెరా ఉన్నప్పుడు ఇది కష్టమవుతుంది. నాన్న ఫోన్‌లో చూస్తున్నాడని, సెలెక్టర్ చూస్తాడని తెలిసిన పిల్లాడు కళ్లు తిరుగుతున్నా "ఏం కాలే సార్" అంటాడు. లింకు తెరిచి కూర్చున్న ఊరివాళ్లు "గింత దానికే తీసేస్తరా" అని కామెంట్ పెడతారు. అందుకని నిర్ణయం పిల్లాడిది కాదు, తండ్రిదీ కాదు, గ్రౌండ్ గీత దగ్గరున్న పెద్దవాళ్లదని టోర్నమెంట్‌కు ముందే మైక్‌లో చెప్పించండి. పిల్లాడు పడిపోగానే కెమెరా వైడ్‌కు వెళ్లాలి, రీప్లే ఉండకూడదు. ప్యాకేజీల్లో దెబ్బల రీప్లేను స్లో మోషన్‌లో వేసి మురిసిపోయే అలవాటు ఉంది. ఈ ఒక్క షరతు ఒప్పుకోని స్టూడియోకు పని ఇవ్వొద్దు.

యూట్యూబ్ సెట్టింగులు ఐదు నిమిషాల పని. వీడియోను అన్‌లిస్టెడ్‌గా పెడితే లింకు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది, సెర్చ్‌లో రాదు. ఆ లింకు వాట్సాప్‌లో చేతులు మారుతుందనేది నిజమే. అయినా పబ్లిక్‌తో పోలిస్తే ఊరూపేరూ లేనివాళ్లు రావడం చాలా తగ్గుతుంది. లైవ్ చాట్, కామెంట్లు రెండూ వేర్వేరు స్విచ్‌లు, రెండూ ఆపేయాలి. స్టూడియో వాళ్లు వద్దంటారు, కామెంట్లుంటేనే వ్యూస్ పెరుగుతాయని. పెరిగేది వాళ్ల ఛానెల్‌కే. అందుకే లైవ్ స్కూల్ ఛానెల్‌లో వెళ్లాలి, స్టూడియో ఛానెల్‌లో కాదు. కొత్త ఛానెల్‌కు లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, ముందురోజు పొద్దున్నే తెరిచి పెట్టుకోవాలి. ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. ఛానెల్‌ను పిల్లల చేతిలో పెట్టొద్దు. 2025 జులై నుంచి 16 ఏళ్ల లోపువాళ్లు సొంతంగా లైవ్ చేయడానికి యూట్యూబ్ ఒప్పుకోవడం లేదు.

ఇక రీల్స్. "మా పిలగానిది ఒక్క రీల్ కొట్టియ్యున్రి" అని తండ్రులే అడుగుతారు, తప్పు పట్టలేం. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది, అందులో హైదరాబాద్ హీరోస్ అనే టీమ్ కూడా ఆడింది. ఆశ పుట్టడం సహజం. కానీ ముప్పై సెకన్ల రీల్‌లో పాస్ కనపడదు, ఒంటరి పరుగే కనపడుతుంది. సెవెన్స్‌లో పక్కన ఖాళీగా ఉన్నవాడికి బంతి ఇవ్వడమే ఆట. రీల్‌కు అలవాటు పడ్డ పిల్లాడు ఇద్దరి మధ్యలోకి దూరి బంతి పోగొట్టుకుంటాడు. అవతలి టీమ్ కూడా ఆ రీల్ చూసే వస్తుంది, అతన్నే గురిపెట్టి టాకిల్ చేస్తుంది. గురుకులం పిల్లల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. హాస్టల్‌లో ఫోన్ ఉండదు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నెలల కామెంట్లన్నీ ఒకేసారి మీద పడతాయి. రంగు మీద, ఒళ్లు మీద, కులం మీద రాసినవి కూడా అందులోనే ఉంటాయి.

రగ్బీ ప్రాణమైన దేశాల్లోనూ ఇదే తలనొప్పి. దక్షిణాఫ్రికాలో 1964 నుంచి జరుగుతున్న క్రేవన్ వీక్ స్కూల్ పిల్లల పోటీయే. అక్కడ డోపింగ్‌లో దొరికిన పిల్లలూ ఉన్నారు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ పెద్ద స్కూళ్ల ప్రిన్సిపాళ్లు 2022లో తమ ఫస్ట్ ఫిఫ్టీన్ (స్కూల్ మొదటి జట్టు) మ్యాచ్‌ల టీవీ లైవ్‌కు, ఇంటర్వ్యూలకు అడ్డుకట్ట వేశారు. పిల్లల మీద పెరుగుతున్న ఒత్తిడే అందుకు కారణం. అంత చూసినవాళ్లే వెనక్కి తగ్గితే, మనం కొత్తగా ఆ గోతిలో దిగడం ఎందుకు? రీల్ తప్పదంటే టీమ్‌ది చేయించండి, ఏడుగురూ కనిపించేలా, ట్రై ఒక్కటే కాకుండా దానికి ముందు మూడు పాస్‌లూ ఉండేలా. బెస్ట్ ప్లేయర్ పోస్టర్ అయితే నాలుగు రోజుల్లో నాయకుల బొమ్మల మధ్య ఫ్లెక్సీ అయి గడియారం సెంటర్లో వేలాడుతుంది. కొటేషన్‌లోంచి కొట్టేయండి.

మ్యాచ్ అవగానే మైక్ పట్టుకుని వచ్చే లోకల్ యూట్యూబ్ న్యూస్ వాళ్లు ప్యాకేజీలో భాగం కాదు, కానీ లైవ్ ఉందంటే వాళ్లూ వస్తారు. ఓడిన పిల్లాడిని "ఎందుకు ఓడిపోయారు" అని అడగడం వాళ్లకు వార్త. టీమ్ తరఫున సార్ ఒక్కరే మాట్లాడాలి, అది కూడా మ్యాచ్ అయిన అరగంట తర్వాత. పిల్లలు నీళ్లు తాగి, బట్టలు మార్చుకుని వచ్చేదాకా కెమెరాలను టచ్‌లైన్ దాటి రానివ్వొద్దు.

ఒప్పంద పత్రం తెలుగులోనే, ఒక పేజీలో ఉండనివ్వండి. 2023 డీపీడీపీ (డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ) చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు అందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, అమలు దశలవారీగా ఉంటుంది. అంతదాకా ఆగకుండా ఇప్పుడే సంతకాలు తీసుకోవడం మంచిది. లైవ్‌కు ఒక గడి, రీల్స్‌కు ఇంకో గడి, ఫొటోలకు మరొకటి పెట్టి విడివిడిగా టిక్ పెట్టించాలి. ఒక్క సంతకంతో అన్నిటికీ ఒప్పుకున్నట్టు రాసుకోవడం చెల్లదనే అనుకోండి. కాదన్నవాళ్ల పిల్లాడిని జట్టులోంచి తీసేయకూడదు, అతను ఆడే మ్యాచ్‌ను లైవ్ ఇవ్వకుండా రికార్డింగ్‌తో సరిపెట్టుకోవాలి. ఫుటేజ్ హక్కు స్కూలుదేననీ, స్టూడియో తన ప్రచారానికి వాడుకోకూడదనీ, సీజన్ అయ్యాక తన దగ్గరున్న కాపీ చెరిపేయాలనీ రాయించండి. డబ్బులో మూడో వంతు ఆఖరికి ఆపి ఉంచండి. హార్డ్ డిస్క్ చేతికొచ్చాక, ప్రతి మ్యాచ్ ఫైలు తెరిచి మొదటి నిమిషం, చివరి నిమిషం ఆడుతున్నాయో లేదో చూసుకుని, అప్పుడు ఇవ్వండి.